బుజ్జగింపు విధానం: మ్యూనిక్ నుంచి రంగూన్ దాకా

ఈ పాఠం పూర్తయ్యేసరికి బుజ్జగింపు విధానం అంటే ఏమిటో, అది మామూలు రాజీకి ఎక్కడ భిన్నమో, 1931–1939 మధ్య దాన్ని అనుసరించినవారు ఏ కారణాల వల్ల అనుసరించారో మీరు వివరించగలగాలి. ఆసియాలో దాని ఫలితం తెలుగువారి మీద ఎలా పడిందో కూడా చెప్పగలగాలి. ఈ చివరి అంశానికి పాఠ్యపుస్తకాలు సాధారణంగా చోటివ్వవు. అందుకే ఇక్కడ దానికి కొంచెం ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రవేశిక

నరసరావుపేటలో ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఈ పాఠమే చెబుతున్నాను. గురజాల వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి లేచాడు. వ్యవసాయం చేసుకుంటూ డిగ్రీ చదువుతున్న మనిషి, వయసు నలభైకి దగ్గర. "సార్, మా ఊళ్ళో ఏ తగాదా వచ్చినా పెద్దమనుషులు ఇద్దర్నీ కూర్చోబెట్టి నువ్వింత తగ్గు, నువ్వింత తగ్గు అని చెప్పి పంపిస్తారు. అట్లా చెయ్యకపోతే తలకాయలు పగుల్తాయి. మరి అది కూడా తప్పేనంటారా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. జవాబు చెప్పకుండా నేను మరో ప్రశ్న వేశాను. "నీ పక్క పొలం ఆసామి ఏటా దుక్కి దున్నేటప్పుడు గట్టును ఒక చాలు మేర నీ వైపు చెక్కుకుంటూ వస్తే ఏం చేస్తావు?"

"మొదటేడు ఊరుకుంటాం సార్. ఒక్క చాలు కోసం సర్వేయర్ని పిలిపించి కొలిపిస్తే ఖర్చు, పైగా పగ."

"రెండో ఏడు?"

"రెండో ఏడు కూడా ఊరుకుంటే ఇక హద్దురాయి కూడా మిగలదు సార్."

తరగతి నవ్వింది. నాకు మాత్రం పాఠంలో సగం అతనే చెప్పేసినట్లు అనిపించింది. హద్దురాయి మాటను మీరు గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాం.

రాజీ వేరు, బుజ్జగింపు వేరు

దౌర్జన్యంగా విస్తరించాలని చూసే రాజ్యం కోరిన దాన్ని ఇచ్చివేస్తే అది తృప్తి చెందుతుందని, యుద్ధం తప్పుతుందని నమ్మి రాయితీలు ఇస్తూ పోవడాన్ని బుజ్జగింపు విధానం అంటారు. 1930లలో బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు జర్మనీ, ఇటలీ, జపాన్ల పట్ల అనుసరించిన పద్ధతికి ఈ పేరు స్థిరపడింది. తెలుగులో ఈ మాట నాకు అంతగా నచ్చదు. మారాం చేసే పిల్లవాడి చేతిలో బెల్లంముక్క పెట్టి ఊరుకోబెట్టడాన్ని మనం బుజ్జగించడం అంటాం. పిల్లవాడు నిజంగానే ఊరుకుంటాడు. హిట్లర్ పిల్లవాడు కాడు. పేరులోనే ఒక తప్పుడు ఆశ ఉంది. అయినా ఈ పేరు వాడుకలో నిలిచిపోయింది కనుక మనమూ అదే వాడదాం.

రాజీలో ఇద్దరూ ఏదో ఒకటి వదులుకుంటారు. ఎవరు వదిలేది వారి సొంత సొత్తు. మాట తప్పితే తప్పినవాడికి నష్టం ఉంటుంది, పంచాయితీలో కూర్చున్న ఊరంతా దానికి పూచీ. బుజ్జగింపులో ఒక పక్షమే ఇస్తుంది. తీసుకునేవాడు ఇచ్చేది ఒక మాట మాత్రమే, ఆ మాట తప్పితే అతనికి పోయేదేమీ ఉండదు. చాలాసార్లు ఇచ్చేది ఇచ్చేవాడి సొంతం కూడా కాదు, పంచాయితీకి పిలవని మూడోవాడిది. మొత్తం పాఠంలో ఈ చివరి అంశమే అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం.

ఈ తేడా పల్నాడు వారికి కొత్త కాదు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవంలో రోజుల పేర్లు మీకు తెలిసే ఉంటాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. రెండో రోజు రాయబారానిది. శ్రీనాథుడి పేరున ప్రసిద్ధమైన ద్విపద కావ్యంలోనూ, వీరవిద్యావంతులు పాడే కథల్లోనూ ఆ ఘట్టం ఉంది. గురజాలలో నలగాముడు, మాచర్లలో మలిదేవుడు రాజ్యం పంచుకొని ఏలుతుండగా కోడిపందెం వచ్చింది. ఓడిన మలిదేవుడి పక్షం ఒప్పందం ప్రకారం అడవులకు వెళ్ళింది. గడువు తీరాక తమ భాగం తమకివ్వమని అడగడానికి అలరాజును పంపింది. అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు. విషప్రయోగంతో అతని ప్రాణం తీశారు, తరువాత కారంపూడి యుద్ధం జరిగింది.

ఈ కథను నేను బుజ్జగింపుకు ఉదాహరణగా చెప్పడం లేదు, దానికి ఎదురు ఉదాహరణగా చెబుతున్నాను. బ్రహ్మనాయుడి పక్షం వదులుకున్నది తమ సొంత రాజ్యాన్ని, అదీ ఒక గడువు మేరకు. గడువు తీరాక తిరిగి అడిగింది. అది రాయబారం. అది విఫలమైంది నిజమే, కాని విఫలమైన రాయబారానికీ బుజ్జగింపుకూ తేడా ఉంది. తప్పెవరిదన్న విషయంలో నాగమ్మ పక్షాన మాట్లాడేవారు మన ప్రాంతంలోనే చాలామంది ఉన్నారు, వారి వాదనలోనూ బలం ఉంది. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు.

మొదటి చాళ్ళు, 1931–1936

ఇక ప్రపంచ చరిత్రలోకి వెళదాం. ఈ ఐదేళ్ళ సంఘటనలు మీరు ముందు పాఠాల్లో చదివారు, కనుక త్వరగా చూద్దాం.

1931 సెప్టెంబర్ 18న ముక్డెన్ దగ్గర రైలుపట్టాల మీద పేలుడు జరిగిందనే సాకుతో జపాన్ సైన్యం మంచూరియాను ఆక్రమించడం మొదలుపెట్టింది. నానాజాతి సమితి లిట్టన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని పంపింది. 1933 ఫిబ్రవరిలో ఆ సంఘం నివేదికను సమితి ఆమోదించింది, మరుసటి నెలలో జపాన్ సమితి నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. మంచూరియా జపాన్ చేతిలోనే ఉండిపోయింది. 1935 మార్చిలో హిట్లర్ వర్సెయిల్స్ సంధిని ధిక్కరించి నిర్బంధ సైనిక శిక్షణను ప్రకటించాడు. మూడు నెలలు తిరిగేసరికి బ్రిటన్ అతనితో నౌకాబలంపై ఒప్పందం చేసుకుంది. జర్మనీ తన నౌకాదళాన్ని బ్రిటిష్ నౌకాదళంలో 35 శాతం వరకు పెంచుకోవచ్చని అందులో అంగీకరించింది. ఫ్రాన్స్‌ను సంప్రదించలేదు.

1935 అక్టోబర్ 3న ఇటలీ అబిసీనియాపై దాడి చేసింది. సమితి ఆర్థిక ఆంక్షలు విధించింది గాని, యుద్ధ వాహనాలను నడిపే చమురును ఆ జాబితాలో చేర్చలేదు. ఇటలీ సైన్యాలు వెళ్ళే సూయజ్ కాలువను మూయలేదు. డిసెంబర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రులు హోర్, లావల్ కలిసి అబిసీనియాలో పెద్ద భాగాన్ని ముసోలినీకి అప్పగించే పథకం రహస్యంగా తయారుచేశారు. అది పత్రికలకు పొక్కడంతో హోర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 1936 జూన్ 30న హైలీ సెలాసీ చక్రవర్తి జెనీవాకు వచ్చి సమితి ముందు నిలబడి మాట్లాడాడు. మరుసటి నెలలో సమితి ఆంక్షలనే ఎత్తివేసింది.

ఆ గొడవ సాగుతుండగానే, 1936 మార్చి 7న, హిట్లర్ రైన్‌లాండ్‌లోకి సైన్యాన్ని పంపాడు. సంధి ప్రకారం అక్కడ జర్మన్ సైనికుడు అడుగు పెట్టకూడదు. వచ్చిన బలగం చిన్నది. ఫ్రాన్స్ సైన్యం దానికన్నా చాలా పెద్దది. ఫ్రాన్స్ కదలలేదు, బ్రిటన్ కదలమని చెప్పలేదు. జర్మన్లు తమ ఇంట్లోకి తాము వస్తే తప్పేమిటని లండన్‌లో చాలామంది అనుకున్నారు.

ఒక్కో సంఘటనను విడిగా చూస్తే ప్రతిదానికీ ఒక సమర్థన దొరుకుతుంది. మంచూరియా దూరం, అబిసీనియా పేద దేశం, రైన్‌లాండ్ జర్మనీదే. ఒక్క చాలే కదా! చూసేవాళ్ళు వీటిని విడివిడి సంఘటనలుగా చూశారు. హిట్లర్ మాత్రం వరుసగా చూశాడు. జపాన్‌కు ఏమీ కాలేదని ముసోలినీ చూశాడు, ముసోలినీకి ఏమీ కాలేదని హిట్లర్ చూశాడు.

మ్యూనిక్, 1938

1938 మార్చి 12న జర్మనీ సైన్యం ఆస్ట్రియాలో ప్రవేశించింది. దాంతో చెకొస్లోవేకియా పశ్చిమ భాగం మూడు వైపులా జర్మనీ మధ్య చిక్కుకుంది. ఆ దేశపు సరిహద్దు ప్రాంతమైన సుడేటన్‌లాండ్‌లో 30 లక్షలకు పైగా జర్మన్ భాష మాట్లాడేవారు ఉండేవారు. వారికి అన్యాయం జరుగుతోందని హిట్లర్ గగ్గోలు పెట్టాడు. వారి నాయకుడు హెన్లైన్ బెర్లిన్ సూచనల మేరకే, తీర్చలేని కోరికలు కోరుతూ పోయాడు. సుడేటన్ జర్మన్లకు కొన్ని నిజమైన ఫిర్యాదులు ఉన్న మాట వాస్తవం. ఆక్రమణదారుడు ఎప్పుడూ పూర్తి అబద్ధంతో రాడు, కొంత నిజాన్ని వెంట తెచ్చుకుంటాడు.

అప్పటికి బ్రిటన్ ప్రధాని నెవిల్ చేంబర్లేన్‌కు 69 ఏళ్ళు. సెప్టెంబర్ 15న విమానంలో బెర్క్టెస్‌గాడెన్ వెళ్ళి హిట్లర్‌ను కలిశాడు. జర్మన్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను అప్పగించడానికి సూత్రప్రాయంగా ఒప్పుకొని, ఫ్రాన్స్‌తో కలిసి చెక్ ప్రభుత్వంపై ఒత్తిడి తెచ్చి ఒప్పించాడు. ఆ సమ్మతి పట్టుకొని 22న గోడెస్‌బర్గ్ వెళితే హిట్లర్ ఇక అది చాలదన్నాడు. వెంటనే తన సైన్యం ప్రవేశించాలన్నాడు. అడిగింది ఇచ్చాక అడిగేది పెరిగింది. నిజానికి చేంబర్లేన్‌కు కళ్ళు తెరుచుకోవలసిన రోజు అదే.

ఆ వారం లండన్‌లో ఉద్యానవనాల్లో కందకాలు తవ్వారు, ప్రజలకు గ్యాస్ మాస్కులు పంచారు. 27న చేంబర్లేన్ రేడియోలో మాట్లాడుతూ, మనకేమీ తెలియని మనుషుల మధ్య ఎక్కడో దూరదేశంలో తగవు వస్తే మనం ఇక్కడ కందకాలు తవ్వుకోవలసి రావడం ఎంత ఘోరమో అన్న భావం వెలిబుచ్చాడు. 29న మ్యూనిక్‌లో హిట్లర్, ముసోలినీ, చేంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే కూర్చున్నారు. చెకొస్లోవేకియాను ఆహ్వానించలేదు. దానితో సంధి ఉన్న సోవియట్ యూనియన్‌నూ పిలవలేదు. ఇద్దరు చెక్ ప్రతినిధులు హోటల్లో ఎదురుచూస్తూ కూర్చున్నారు. 30వ తేదీ అర్ధరాత్రి దాటాక సంతకాలయ్యాయి. తమ దేశంలో ఏ భాగం పోయిందో వారికి పటం మీద చూపించి చెప్పారు.

లండన్‌లో చేంబర్లేన్‌కు విజేతకిచ్చే స్వాగతం లభించింది. కామన్స్ సభ ఒప్పందాన్ని 366–144 ఓట్లతో ఆమోదించింది. కోపం తెచ్చుకున్నవారిలో మనవారూ ఉన్నారు. ఆ ఆగస్టులోనే ప్రాగ్ వెళ్ళి పరిస్థితి కళ్ళారా చూసిన జవహర్‌లాల్ నెహ్రూ బ్రిటన్ వైఖరిని బహిరంగంగా ఖండించాడు. గాంధీజీ అక్టోబర్‌లో 'హరిజన్' పత్రికలో చెక్ ప్రజలకు అహింసాయుతంగా ప్రతిఘటించమని సలహా ఇచ్చాడు. ఆ సలహా సాధ్యాసాధ్యాలు ఎలా ఉన్నా, లొంగిపొమ్మని మాత్రం ఆయన చెప్పలేదు.

పోయిన హద్దురాయి

మ్యూనిక్‌లో హిట్లర్‌కు దక్కింది భూమి ఒక్కటే అనుకుంటే పొరపాటు.

చెకొస్లోవేకియా బలహీన దేశం కాదు. సెప్టెంబర్ 23న సమీకరణ ప్రకటిస్తే పది లక్షల మందికి పైగా ఆయుధాలు పట్టారు. స్కోడా కర్మాగారం యూరప్‌లో పేరున్న ఆయుధ కర్మాగారాల్లో ఒకటి. జర్మనీ సరిహద్దు వెంట ఏళ్ళ తరబడి కట్టిన కోటలు, కాంక్రీటు బురుజులు ఉన్నాయి. అవన్నీ సుడేటన్‌లాండ్‌లోనే ఉన్నాయి. పర్వతాలు అక్కడే, కోటలూ అక్కడే. సుడేటన్‌లాండ్ ఇచ్చివేయడం అంటే ఇంటి ముందు గది ఇచ్చి వెనక గదిలో ఉండడం కాదు, తలుపునే ఊడదీసి ఇవ్వడం. నా విద్యార్థి అన్న హద్దురాయి అదే. ఆరు నెలలు తిరగకుండానే, 1939 మార్చి 15న, జర్మన్ సైన్యం ప్రాగ్‌లో ప్రవేశించింది. ఎదిరించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. స్కోడా ఆయుధాలు జర్మనీవయ్యాయి. 1940 మేలో ఫ్రాన్స్ మీదికి దూసుకువెళ్ళిన రోమెల్ దళంలో చెక్ కర్మాగారాల్లో తయారైన ట్యాంకులు ఉన్నాయి. మ్యూనిక్‌లో ఫ్రాన్స్ సంతకం పెట్టి ఇచ్చినవి ఏడాదిన్నర తరువాత ఫ్రాన్స్ మీదికే వచ్చాయన్నమాట.

జర్మనీ లోపల జరిగిన నష్టం తక్కువగా చెప్పుకుంటారు. చెకొస్లోవేకియా మీద యుద్ధానికి వెళితే దేశం నాశనమవుతుందని భయపడి సైన్యపు జనరల్ స్టాఫ్ అధిపతి లుడ్విగ్ బెక్ 1938 ఆగస్టులో పదవి వదిలేశాడు. యుద్ధం వస్తే హిట్లర్‌ను పడదోయాలని కొందరు సేనానులు ఆలోచన చేశారు. వారు నిజంగా చేయగలిగేవారా అన్నది చరిత్రకారుల మధ్య వివాదం. కాని యుద్ధం లేకుండానే హిట్లర్ గెలిచి వచ్చాక వారి నోట మాట లేకపోయింది. ఇంటి బయటివాళ్ళు లొంగిపోతుంటే ఇంటిలోనివాడు ఎదిరించేది దేనితో?

చుట్టుపక్కల రాజ్యాలు నేర్చుకున్నదీ మంచి పాఠం కాదు. పడిపోయిన ఎద్దు మీద అందరూ కత్తి దూసినట్లు పోలండ్ టెషెన్ ప్రాంతాన్ని, హంగరీ దక్షిణ స్లొవేకియాను లాక్కున్నాయి. పదకొండు నెలల్లో పోలండ్ వంతే వచ్చింది. మ్యూనిక్‌కు పిలుపు రాని స్టాలిన్, పశ్చిమ రాజ్యాలు హిట్లర్‌ను తూర్పు వైపు మళ్ళిస్తున్నాయని అనుమానించాడు. ఇతర కారణాలూ కలిసి, 1939 ఆగస్టు 23న ఆ హిట్లర్‌తోనే ఒప్పందం చేసుకున్నాడు. అంతకు ముందు, మార్చి 31న, చేంబర్లేన్ పోలండ్‌కు హామీ ఇచ్చాడు. హిట్లర్ దాన్ని నమ్మలేదు. ఇన్నేళ్ళూ వదిలేసినవారు ఈసారి మాత్రం కదులుతారని అతను ఎందుకు అనుకోవాలి? సెప్టెంబర్ 1న పోలండ్ మీదికి వెళ్ళాడు, 3న బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి. లొంగినప్పుడు పోయింది భూమి అయితే, ఎదిరించాలనుకున్నప్పుడు కరువైంది నమ్మకం.

(ఆలోచించండి: 1936లో రైన్‌లాండ్ దగ్గర హిట్లర్‌ను ఆపడం సులభమా, 1938లోనా, 1939లోనా? మీ జవాబుకు సైనిక కారణం ఒకటి, రాజకీయ కారణం ఒకటి రాయండి.)

వాళ్ళు ఎందుకలా చేశారు?

పరీక్షల్లో చాలామంది చేంబర్లేన్‌ను పిరికివాడని రాసి ముగిస్తారు. అలా రాస్తే నేను మార్కులు తగ్గించేవాడిని. ఆయన పిరికివాడు కాడు, మూర్ఖుడూ కాడు. 1914–1918 యుద్ధంలో బ్రిటన్‌లో ఏడు లక్షల మందికి పైగా, ఫ్రాన్స్‌లో పదమూడు లక్షలకు పైగా చనిపోయారు. సుమారు 74 వేల మంది భారతీయ సైనికులు కూడా చనిపోయారు. ఆ తరం ఇంకా బతికే ఉంది. బాంబు విమానాలు వస్తే మొదటి వారాల్లోనే నగరాలు నేలమట్టమవుతాయని నిపుణులు లెక్కలు కట్టి చెబుతున్నారు. ఆర్థిక మాంద్యం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న దేశం. జర్మనీ, ఇటలీ, జపాన్ మూడింటితో ఒకేసారి పోరాడే శక్తి తమకు లేదని సైనికాధికారులే రాసి ఇచ్చారు. వర్సెయిల్స్ సంధి జర్మనీకి అన్యాయం చేసిందన్న భావన బ్రిటన్ విద్యావంతుల్లో బలంగా ఉంది. కమ్యూనిస్టు రష్యా మీద అపనమ్మకం సరేసరి.

చేంబర్లేన్‌ను సమర్థించేవారు మరో మాట చెబుతారు: మ్యూనిక్ ఒక ఏడాది గడువు సంపాదించిపెట్టింది, ఆ ఏడాదిలో రాడార్ కేంద్రాలు, కొత్త యుద్ధ విమానాలు సిద్ధమయ్యాయి, 1940లో బ్రిటన్‌ను కాపాడినవి అవే. ఇందులో నిజం ఉంది. కాని గడువు రెండువైపులా పనిచేస్తుంది. అదే ఏడాది జర్మనీ కూడా వాడుకుంది, చెక్ కర్మాగారాలతో సహా. పైగా చేంబర్లేన్ మ్యూనిక్‌కు వెళ్ళింది గడువు కొనుక్కోవడానికి మాత్రమే కాదు, శాంతి సాధించానని నిజంగా నమ్మి తిరిగివచ్చాడు. గడువు కోసం తగ్గేవాడు తిరిగి వచ్చిన రోజు నుంచే కత్తి నూరుతాడు. తృప్తి చెందుతాడని నమ్మి తగ్గేవాడు చప్పట్లు కొట్టించుకుంటాడు.

బర్మా రోడ్డు, తెలుగు కూలీలు

ఇక మన వైపు. 1937 జులైలో జపాన్ చైనాపై పూర్తిస్థాయి యుద్ధం మొదలుపెట్టి రేవులన్నిటినీ ఆక్రమించుకుంటూ వచ్చింది. చైనాకు బయటి నుంచి సరుకు చేరడానికి మిగిలిన దారుల్లో ఒకటి బర్మా రోడ్డు. ఓడల్లో వచ్చిన సరుకు రంగూన్ రేవులో దిగి, రైల్లో లాషియో చేరి, అక్కడి నుంచి సుమారు 1,150 కిలోమీటర్ల కొండదారిలో లారీల మీద చైనాలోని కున్మింగ్‌కు వెళ్ళేది.

రంగూన్ రేవులో ఆ సరుకు దించిందెవరు? ఎక్కువమంది తెలుగువారు. విశాఖపట్నం, కాకినాడల నుంచి పొగఓడలెక్కి రంగూన్ వెళ్ళే కూలీలు, మన వాళ్ళ మాటల్లో 'రంగం' వెళ్ళేవాళ్ళు, అప్పటికి తరాలుగా ఉన్నారు. పల్నాడు నుంచి వెళ్ళినవారు తక్కువ, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవారు ఎక్కువ. కోరంగి రేవు పేరు మీద బర్మాలో మనవారిని కొరంగీలు అనేవారు. 1931 నాటికి బర్మాలో లక్షకు పైగా తెలుగువారు ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. వారి బతుకు సుఖమైనదేమీ కాదు. 1930 మేలో రేవు కూలీల సమ్మె వెంట జరిగిన అల్లర్లలో ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు కోల్పోయారు.

1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయింది. బ్రిటన్ ఒంటరి అయింది. ఆ అదను చూసి బర్మా రోడ్డు మూయమని జపాన్ ఒత్తిడి చేసింది. జులై 18 నుంచి మూడు నెలల పాటు బ్రిటన్ ఆ దారి గుండా ఆయుధాలు, ఇంధనం వెళ్ళకుండా మూసివేసింది. మూసినది చేంబర్లేన్ కాదు. బుజ్జగింపును అందరికన్నా గట్టిగా తిట్టిన విన్‌స్టన్ చర్చిల్ అప్పటికి ప్రధాని. ఈ ఒక్క సంగతి చాలు, బుజ్జగింపును వ్యక్తుల గుణదోషాలతో వివరించడం ఎందుకు సరిపోదో తెలుసుకోవడానికి. ఇక్కడ కూడా ఇచ్చింది తమ సొత్తు కాదు, చైనా ఊపిరి. చైనాను అడగలేదు.

జపాన్ తృప్తి పడిందా? దారి మూసి ఉన్న ఆ మూడు నెలల్లోనే, సెప్టెంబర్ చివరి వారంలో, జపాన్ సైన్యం ఉత్తర ఇండోచైనాలో ప్రవేశించింది. సెప్టెంబర్ 27న జర్మనీ, ఇటలీలతో త్రైపాక్షిక ఒప్పందంపై సంతకం చేసింది. చర్చిల్‌కూ చేంబర్లేన్‌కూ ఒక తేడా మాత్రం ఉంది. చర్చిల్ గడువు పెట్టి మూశాడు, గడువు తీరగానే అక్టోబర్‌లో దారి తెరిచాడు. కాని ఆ గడువులోనూ, ఆ తరువాతి ఏడాదిలోనూ బర్మా రక్షణకు చేసిన ఏర్పాట్లు చాలా తక్కువ. కొనుక్కున్న సమయాన్ని ఇంగ్లండ్ కోసం ఖర్చుపెట్టారు, బర్మాకు మిగల్లేదు.

1941 డిసెంబర్ 23న రంగూన్‌పై మొదటి బాంబులు పడ్డాయి. పట్టపగలు, విమానాలను చూడడానికి జనం వీధుల్లోకి వచ్చిన సమయంలో పడ్డాయి. ఆ ఒక్క రోజే వెయ్యికి పైగా చనిపోయారు. రెండు రోజులకు మళ్ళీ దాడి. రేవు కూలీలు ప్రాణాలు అరచేత పట్టుకొని నగరం వదిలారు, రేవు ఆగిపోయింది. 1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌ను స్వాధీనం చేసుకుంది. ఓడలు దొరికినవారు కొందరే. మిగిలినవారు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగు వైపు, టాము మీదుగా ఇంఫాల్ వైపు నడిచారు. మొత్తం నాలుగు లక్షలకు పైగా భారతీయులు అలా బర్మా వదిలి వచ్చారని అంచనా. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో వేలాదిమంది రాలిపోయారు. మెరుగైన దారులు, వాహనాలు యూరోపియన్లకు ముందు దక్కాయన్న ఆరోపణ మీద దేశమంతా అప్పట్లో మండిపడింది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ప్రాణనష్టం స్వల్పమే అయినా జనం మూటాముల్లె సర్దుకొని లోపలి ఊళ్ళకు పరుగెత్తారు. బర్మా బియ్యం ఆగిపోయింది. బియ్యం, కిరసనాయిలు, బట్ట కొరత అయ్యాయి, 'కంట్రోలు' అనే మాట పల్లెటూళ్ళ నోళ్ళలోకి వచ్చింది. చేంబర్లేన్ దృష్టిలో చెకొస్లోవేకియా దూరదేశం. జెనీవా పెద్దల దృష్టిలో మంచూరియా ఇంకా దూరం. పదకొండేళ్ళలో ఆ దూరం కాకినాడ రేవు దాకా తగ్గింది.

ఇంకో సంగతి. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. కేంద్ర శాసనసభను గాని, రాష్ట్ర మంత్రివర్గాలను గాని అడగలేదు. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. వాటిలో పల్నాడు అప్పట్లో భాగమైన మద్రాసు రాష్ట్రంలోని రాజాజీ మంత్రివర్గం కూడా ఉంది. మ్యూనిక్‌లో చెక్‌లను అడగకుండా శాంతి చేశారు, ఢిల్లీలో మనల్ని అడగకుండా యుద్ధం చేశారు. యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం 25 లక్షలకు చేరింది.

మ్యూనిక్ పేరును వాడుకోవడం

1945 తరువాత 'మ్యూనిక్' ఒక తిట్టుగా మారింది. ఎవరితో మాట్లాడదామన్నా అది బుజ్జగింపే అనేవారు తయారయ్యారు. ఆంథొనీ ఈడెన్ 1938 ఫిబ్రవరిలో, ముసోలినీ పట్ల చేంబర్లేన్ మెతకదనాన్ని సహించలేక విదేశాంగ మంత్రి పదవి వదులుకున్న మనిషి. 1956లో ప్రధానిగా ఉండగా ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. ఈడెన్‌కు నాసర్‌లో మరో ముసోలినీ కనిపించాడు. ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌లతో కలిసి యుద్ధానికి దిగాడు, అమెరికా ఒత్తిడితో వెనక్కి తగ్గాడు, మరుసటి జనవరిలో పదవే పోయింది. నాసర్ తీసుకున్నది తన దేశం గుండా పోయే కాలువను, వాటాదారులకు పరిహారం ఇస్తానని కూడా చెప్పాడు. పక్కవాడి గట్టు చెక్కినవాడికీ, తన పొలంలో ఉన్న బావిని తన పేర రాయించుకున్నవాడికీ తేడా ఈడెన్‌కు తెలియలేదు. వియత్నాం యుద్ధంలో అమెరికా నాయకులు కూడా ఇదే పోలిక పదేపదే తెచ్చారు.

కనుక ఎక్కడైనా 'ఇది మరో మ్యూనిక్' అన్న మాట వినబడితే ముందు చూడవలసింది ఇస్తున్నది ఎవరి సొత్తు, వాళ్ళను అడిగారా అన్నది. తరువాత, ఇచ్చాక ఎదిరించే శక్తి మిగులుతుందా, మాట తప్పితే తప్పినవాడికి ఏమవుతుంది అన్నవి. గురజాల విద్యార్థికి ఆ రోజు నేను చెప్పిన జవాబు కూడా ఇంతే: మీ పెద్దమనుషుల పంచాయితీలో పొలం ఇద్దరిదీ, ఇద్దరూ అక్కడే కూర్చుని ఉంటారు. అతను కాసేపు ఆలోచించి, "ఎప్పుడూ ఇద్దరూ ఉండరు సార్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అభ్యాసం

మ్యూనిక్ ఒప్పందం, బర్మా రోడ్డు మూసివేత – ఈ రెండింటి మధ్య పోలికలు, తేడాలు రెండు పుటల్లో రాయండి. ఆసియా పటంలో రంగూన్, లాషియో, కున్మింగ్, ఇంఫాల్, కాకినాడ, విశాఖపట్నం గుర్తించండి. మీ ఊళ్ళో తొంభై దాటిన పెద్దలు ఉంటే రంగం గురించి, జపాను బాంబుల గురించి, కంట్రోలు రోజుల గురించి అడిగి, వారు చెప్పింది వారి మాటల్లోనే రాసుకొని సంపర్క తరగతికి తీసుకురండి.